మనవి చీటీ

మా గదిలో సుజిత మంచం కింది రేకు డబ్బా నేను తెరిచిన రోజు నాకు ముందు భయమేసింది. కోపం ఆ వెనకే వచ్చింది. నా కోపం ఎప్పుడూ ఎక్కువసేపు ఆలస్యం చెయ్యదు.

డబ్బాలో ఎండిన గులాబీ రేకులు, గుప్పెడు రాళ్లుప్పు, సగం కాలిన రెండు కొవ్వొత్తులు, నల్ల అట్ట నోటుపుస్తకం. పుస్తకంలో పేజీ పేజీకీ చంద్రుడి బొమ్మలు. సన్నగా, సగంగా, నిండుగా. వాటి కింద పొందికైన తెలుగు రాత. గులాబీ రేకులు తాయిఫ్‌లో ఎవరింట్లోనైనా ఉంటాయి, పూలకోత రోజుల్లో ఊరంతా అదే వాసన. ఉప్పూ ఉంటుంది, కొవ్వొత్తీ ఉంటుంది. కానీ అవన్నీ ఇలాంటి పుస్తకంతో కలిసి ఒకే డబ్బాలో ఉంటే ఈ సౌదీలో దానికి ఒకటే పేరు. సిహ్ర్. అంటే చేతబడి. దానికి పడే శిక్ష గురించి మా నర్సులు తలుపేసుకుని మాట్లాడుకుంటారు.

సుజిత డ్యూటీ నుంచి వచ్చీ రాగానే డబ్బా దాని ముందు పెట్టాను.

"ఏంటే ఇది? బాప్తిస్మం తీసుకున్న పిల్లవేనా నువ్వు? పాలకొల్లులో మీ నాన్న సంఘపెద్ద అన్నావు కదే!"

"కూర్చోండక్కా, చెబుతాను," అంది సుజిత. ఆ పిల్లకి ఇరవై ఏడేళ్లు. తాయిఫ్ వచ్చి ఏడాదిన్నర. గొంతు పెంచడం చేతకాదు, నాకు దాని మీద సగం చిరాకు అందుకే.

దాన్ని విక్కా అంటారట. రియాద్‌లో పనిచేసినప్పుడు స్కాట్లండ్ నుంచి వచ్చిన నర్సు ఒకావిడ చెప్పిందట. దేవుడితో పాటు దేవత కూడా ఉంటుందని, చంద్రుడి రోజుల్ని బట్టీ, ఏడాదిలో ఎనిమిది పండగల్ని బట్టీ మొక్కుకుంటారని చెప్పింది. చుట్టూ గుండ్రంగా ఉప్పు చల్లుకుని మధ్యలో కూర్చుంటారట. అందులో సైతాను అనేవాడే లేడట.

"సైతాను లేని మంత్రాలేంటే?"

"మంత్రాలంటే మన ఊళ్లో అనుకునేవి కాదక్కా. ఎవరికీ హాని చెయ్యకు, ఆ పైన నీ ఇష్టం. అదే వాళ్ల మొదటి మాట. నువ్వు పంపింది ఏదైనా మూడింతలై నీకే తిరిగొస్తుందని కూడా కొందరు నమ్ముతారు."

"నువ్వు నమ్ముతావా?"

"నాకింకా తెలీదు. ఏడాది మీద ఒక రోజు నేర్చుకున్నాకే నేను ఫలానా అని చెప్పుకోవాలట. నాకిది ఏడో నెల. చదువుతున్నాను, రాసుకుంటున్నాను. అంతే."

నేను రత్నమణిని. నరసాపురం దగ్గర మా పల్లె. తాయిఫ్‌లో ఈ ప్రైవేటు ఆస్పత్రి జనరల్ వార్డులో అప్పటికి పందొమ్మిదేళ్లు చేశాను. పెళ్లీ గిళ్లీ లేదు. శుక్రవారాలు మా గదిలోనే కర్టెన్లు మూసుకుని, గొంతు తగ్గించుకుని ప్రార్థన పెట్టేదాన్ని. అలాంటిదాన్ని, నా గదిలోనే ఇది! పారెయ్యమన్నాను. తలూపింది. పారెయ్యలేదు. నేనూ మళ్లీ అడగలేదు. నిజం చెప్పాలంటే, దాంతో వాదించడానికని ఆ పుస్తకం రోజూ కాస్త కాస్త చదవడం మొదలుపెట్టాను. తప్పు పట్టడానికి వెతికితే ఏమీ దొరక్కపోవడం నన్ను ఇంకా మండించేది.

ఆ నెలలోనే నితాకత్ మా వార్డు దాకా వచ్చింది. సౌదీ వాళ్లని ఎంతమందిని పెట్టుకున్నారో చూసి కంపెనీలకి రంగులు వేస్తారు కదా, మా ఆస్పత్రి ఆకుపచ్చ నుంచి పసుపులోకి జారింది. దానికి తోడు ఆ ఏడాది విదేశీ పనివాళ్ల మీద కంపెనీలు కట్టే లెవీ పెరిగింది. కాగితాలు చూసే ఇష్తియాక్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. కడప మనిషి, పదో తరగతి దాకా తెలుగులోనే చదువుకున్నాడు. ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామా ఎవరిదైనా అతని చేతుల మీదుగానే పోవాలి.

"మీ వార్డులో ఒకరిని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపల్లంటమ్మా. మీరన్నా పోవల్ల, ఆ సుజితన్నా పోవల్ల. ఈ నెలాఖరుకు ముదీర్ సంతకం పెడతాడు. నా చేతిలో ఏం లేదు." ముదీర్ అంటే మా ఆస్పత్రి మేనేజరు.

నలభై ఎనిమిదేళ్ల నర్సుని ఇంకెవరు తీసుకుంటారు? ఊళ్లో నాకెవరున్నారు? నా ఊరంటే ఈ వార్డే. ఆ పిల్లకైతే ఏ దేశమైనా తలుపు తీస్తుంది. ఇవన్నీ లెక్కేసుకున్నాక రెండు దారులు కనిపించాయి. ఆ డబ్బా సంగతి ఇష్తియాక్ చెవిలో వేస్తే చాలు, అదొకటి. ఆ పని నేను చెయ్యలేదు. అంత పాపిష్టిదాన్ని కానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రెండో దారి ప్రార్థన. మా సంఘాల్లో మనవి చీటీ రాస్తాం. ఊరికే కాపాడు ప్రభువా అంటే చాలదు, పేరు పెట్టి అడగాలని మా అమ్మ నేర్పింది. రాసిన చీటీకి అభిషేక తైలం రాసి, బైబిల్లో పెట్టి, ఉపవాసం ఉండాలి. మూడు రోజులున్నాను. చీటీలో ఇలా రాశాను: ప్రభువా, సుజితను ఇక్కణ్ణించి తీసెయ్యి. రత్నమణిని ఇక్కడే ఉంచు.

ఆ మూడో రోజు సుజిత గంజి కాచి తెచ్చింది. ఎందుకు ఉపవాసమో అడగలేదు. నాకే ఆగలేదు.

"మన ఇద్దరిలో ఒకళ్లు వెళ్లాలట, విన్నావా?"

"విన్నానక్కా."

"మరి నీ చంద్రుణ్ణి ఏం అడిగావు?"

"నా సంగతి అడుక్కున్నాను, ధైర్యం ఇమ్మని. మీ పేరు ఎత్తలేదు. అడక్కుండా ఒకరి పేరు మీద ఏదీ చెయ్యకూడదక్కా, మంచైనా సరే. మీరు అడిగితే మీ కోసం కోరుకుంటాను."

గంజి గిన్నె పక్కకి నెట్టాను. నువ్వేంటే నా కోసం కోరుకునేదని కసిరి పంపేశాను.

మంగళవారం కబురొచ్చింది. ఖర్చు తగ్గించుకోడానికి మా బిల్డింగు ఖాళీ చేస్తున్నారు, మర్నాడు పొద్దున్నే యజమాని మనుషులొచ్చి గదులన్నీ తెరిచి చూస్తారు. సుజిత ఈవినింగ్ డ్యూటీలో ఉంది. డబ్బా దొరికితే దానికొక్కదానికే కాదు, గదికంతటికీ చుట్టుకుంటుంది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక డబ్బా, నా మనవి చీటీ, తైలం సీసా కొంగు చాటున పెట్టుకుని మేడెక్కాను. చీటీ కూడా ఎవరి కంటా పడకూడదు కదా.

చెత్తబుట్టలో పడేసి రావచ్చు. మామూలు మనిషైతే అదే చేసేది. కానీ మా ఊళ్లో ఎవరైనా కొత్తగా సంఘంలోకి వస్తే, వాళ్ల తాయెత్తులూ దారాలూ పెద్దలు ఊరికే పారెయ్యరు. నూనె పోసి, ప్రార్థించి, కాలుస్తారు. లేకపోతే అందులోది విడవదంటారు. నా చిన్నప్పటినుంచీ చూసిన పద్ధతి. ఇంకోలా చెయ్యాలని నాకు తట్టను కూడా లేదు.

నీళ్ల ట్యాంకు పక్కన డబ్బా బోర్లించి, పుస్తకం, చీటీ ఒకచోట పెట్టి, తైలం పోసి, అగ్గిపుల్ల గీశాను. చేతులెత్తి సుజిత పేరు పిలిచి, దాన్ని పట్టిన దయ్యాన్ని విడిచి పొమ్మని గద్దించాను. పరిశుద్ధాత్మ మీదికొచ్చింది. నాకే తెలియని భాషల్లో మాట్లాడుతున్నాను, ఒళ్లు ఊగిపోతోంది, కళ్లు మూసే ఉన్నాయి.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా హారిస్ నిలబడి ఉన్నాడు. బిల్డింగు కాపలా చూసే యెమెన్ ముసలాయన. ఉప్పు చిందిన నేలనీ, మంటనీ, జుట్టు ముడి ఊడిపోయిన నన్నూ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సిహ్ర్!" అని అరిచాడు. "సాహిరా!" అంటూ చెప్పులతో మంట తొక్కేశాడు.

మంత్రగత్తె. ఆ మాట అన్నది నన్ను. పందొమ్మిదేళ్లలో ఒక్క ఇంజెక్షను తప్పు వెయ్యని నన్ను. పెదవి విప్పితే ఏమంటాను? ప్రార్థన అంటే అదొక నేరం, కాదంటే ఇదొక నేరం.

గంట తిరక్కుండా ముదీర్ గదిలో నిలబెట్టారు. బల్ల మీద సగం కాలిన పుస్తకం, అంచులు మాడిన చీటీ. ముదీర్ చేతిలో ఫోను ఉంది, పోలీసులకి చెయ్యడమే తరువాయి. ఆ రాత ఎవరు చదవగలరని అడిగాడు. ఇష్తియాక్‌ని పిలిపించాడు. నా రూమ్మేట్ అని సుజితని కూడా వార్డులోంచి రప్పించారు. దాని మొహం చూడలేకపోయాను.

ఇష్తియాక్ పుస్తకం తిప్పాడు. చంద్రుడి బొమ్మలు, గులాబీల లెక్కలు, ఎవరికీ హాని తలపెట్టకు అన్న వాక్యం. చాలాసేపు చదివి అరబ్బీలో చెప్పాడు, ఆడవాళ్లు నెలసరి రోజులు రాసుకున్న పుస్తకం, మధ్యమధ్యలో వంటలూ సుగంధాలూ అని. ముదీర్ సిగ్గుపడి పుస్తకం పక్కకి నెట్టేశాడు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చీటీ తీశాడు. రెండు వాక్యాలు, రెండు పేర్లు, కాలకుండా మిగిలాయి. ఇష్తియాక్ చదివి, తలెత్తి నా వైపు చూశాడు. ఒకరి పేరు రాసి, నూనె పోసి, కాల్చి, వాళ్లని ఇక్కణ్ణించి తీసెయ్యమని అడగడం. హారిస్ భయపడింది సరిగ్గా దీనికే. ఆ డబ్బా అంతా వెతికినా దొరకనిది నా బైబిల్లోంచి దొరికింది.

"ఎవురు రాసినారమ్మా దీన్ని?" అని తెలుగులో అడిగాడు. గొంతు మారిపోయింది.

నేను ముదీర్ చేతిలో ఫోను వంక చూశాను. సుజిత ఒకడుగు ముందుకేసి, అతని చేతిలో చీటీ వంక వంగి చూసింది. చదివింది. నా రాత దానికి తెలియదా? ప్రతి షిఫ్టూ చార్టుల్లో చూసేదే.

"నేనేనండి," అంది. "నాకు ఇంటికెళ్లిపోవాలనుంది. అక్కని ఉంచి నన్ను పంపెయ్యమని రాసుకున్నాను. రాసి కాల్చడం మా మొక్కు. కాల్చిపెట్టమని అక్కకి నేనే ఇచ్చాను."

ఇష్తియాక్ ఆ పిల్లని చూశాడు, నన్ను చూశాడు. అన్నీ అర్థమయ్యాయి అతనికి. సుజిత చెప్పిందే అరబ్బీలో చెప్పాడు. ముదీర్ ఫోను బల్ల మీద పెట్టేశాడు. తియ్యాల్సిన మనిషి తనే పోతానంటుంటే ఇక గొడవెందుకు? అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

వారం తర్వాత జెద్దా బస్సెక్కే ముందు సుజిత నా చెయ్యి పట్టుకుంది.

"భయపడకండక్కా. నేను మీ మీదికి ఏమీ పంపలేదు."

"నేను పంపాను కదే," అనాలి. అనలేదు. ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఆ వేసవిలో నా ఇకామా రెన్యువల్ అయితే సిగ్గు లేకుండా స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ చలికాలానికే ఆస్పత్రి ఎరుపులో పడింది. కొత్తగా పెట్టుకున్న సౌదీ అమ్మాయిలు మానేశారు. మిగిలిన నర్సులు దొరికిన దారిన బయటపడ్డారు, ఇష్తియాక్ కూడా వెళ్లిపోయాడు. నేను ఉన్నాను. వార్డులు ఒక్కొక్కటే మూశారు. నా వీసాకి పూచీ పడిన కఫీల్ ఫోను ఎత్తడం మానేశాడు. నా ఇకామా గడువు దాటి ఏడు నెలలైంది. ఇకామా లేనిదే ఎగ్జిట్ వెయ్యరు, లెవీ కట్టనిదే ఇకామా రాదు, కట్టాల్సినవాడి అయిపు లేదు. కొత్త బిల్డింగులో నాలుగో అంతస్తు మొత్తానికి నేనొక్కదాన్నే. నిన్న ఎవరో వచ్చి కింది గదుల తలుపులకి తాళాలు వేసి వెళ్లారు. నేనున్నానని అరిచాను. వాళ్లు పైకి చూడలేదు.

ప్రభువు నా మనవి అక్షరం పొల్లు పోకుండా విన్నాడు. ఇక్కడే ఉంచాడు.

సుజిత ఐర్లండ్‌లో ఉంది. ఆరు నెలల కిందట మెసేజ్ పెట్టింది: "ఏడాది మీద ఒక రోజు ఎప్పుడో దాటిందక్కా. మీ కోసం ఏమైనా కోరుకోమంటారా? మీరు అడిగితేనే." అప్పుడు పౌరుషం అడ్డొచ్చింది, జవాబివ్వలేదు.

ఈ రోజు ఫోను తీసి రాశాను: రత్నమణిని ఇక్కణ్ణించి తీసెయ్యమని అడుగు.

రాశాక చూసుకుంటే అవి చీటీలో మాటలే. పేరొక్కటే మారింది. పంపాను. వెళ్లలేదు. ఇకామా చెల్లకపోతే సిమ్ కార్డు కూడా ఆపేస్తారని ఎవరో చెప్పగా విన్నాను. పొద్దుట్నుంచీ పంపుతూనే ఉన్నాను.