చదవకుండా చెప్పిన పుస్తకం

ఆర్మూర్‌లో ప్రభుదాస్ స్టేషనరీ దుకాణం పైగదిలో ఆదివారం సాయంత్రాలు కొంతమంది కలుస్తారు. ఎవరు ఏం చదువుతున్నారో, అందులో ఏం నచ్చిందో చెప్పుకోవడమే అక్కడి పని. ట్రాక్టర్ షోరూంలో పనిచేసే గణేష్ వానాకాలంలో మొదలుపెట్టిన వేట కథల పుస్తకం చలికాలం వచ్చినా పూర్తి చేయలేదు. ఆ మాట నవ్వుతూ తనే చెప్తాడు. ఎవరూ తప్పు పట్టరు.

ఈ కూడికను మొదలుపెట్టింది ఉమారాణి. మెండోరలో మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఒకప్పుడు ఆ ప్రయాణంలోనే ఎన్నో నవలలు చదివేసింది. తర్వాత ఫోన్ అలవాటైంది. పుస్తకం ఒళ్లో తెరిచే ఉండేది, చూపు మాత్రం ఫోన్‌లోని వీడియోల మీద ఉండేది. అయినా ఆదివారం వచ్చేసరికి ఏమీ చదవలేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మొదటి రెండు అధ్యాయాలు చదివి, మిగతా కథ గురించి నెట్‌లో ఎవరో రాసిన నాలుగు మాటలు చూసుకుని, అన్నీ కలిపి చెప్పేది. చక్కగా చెప్పేది కూడా. ఆమె చెప్పిన పుస్తకం కావాలని ప్రభుదాస్‌తో హైదరాబాద్ నుంచి తెప్పించుకునేవాళ్లు.

అందరికన్నా ఎక్కువ నమ్మింది కమలాబాయి. పసుపు కమీషన్ ఏజెంట్ నారాయణదాస్ భార్య. పిల్లలు పెద్దవాళ్లయ్యాక చదవడం మొదలుపెట్టిన మనిషి. ఉమారాణి మాట్లాడుతుంటే కదలకుండా వినేది.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, ఉమారాణిని మెట్ల దగ్గర ఆపింది. కోడలు అక్షితకు ఏడో నెలలో కడుపు పోయింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి ఎవరితో మాట్లాడటం లేదు, గది దాటి రావడం లేదు. కొడుకు అభిషేక్‌కు ఏం చేయాలో తోచడం లేదు. టీవీ పెడితే ఆపేయమంటుంది, కమలాబాయి తనే పక్కన కూర్చుని ఏదైనా పైకి చదివితే మాత్రం వద్దనడం లేదని చెప్పింది.

“నవ్వుకునే పుస్తకం ఏదన్న ఉంటే చెప్పు ఉమా. జరంత సేపైనా దాని మనసు మళ్లాలె,” అంది.

ఉమారాణి ఆ సాయంత్రమే కూడికలో ఒక నవల గురించి చెప్పింది. గోదావరి ఒడ్డున లాడ్జి నడుపుకునే ఒక కుటుంబం కథ. మొదటి అధ్యాయాల్లో మామాకోడళ్ల గిల్లికజ్జాలు చదివి ఆమె నిజంగానే నవ్వుకుంది. అంతకు మించి చదవలేదు.

“గిదే ఇయ్యి అక్కా. మొత్తం నవ్వులే. కండ్లు మూసుకొని ఇయ్యొచ్చు,” అంటూ సంచిలోంచి తీసి చేతిలో పెట్టింది.

తర్వాతి ఆదివారం కమలాబాయి రాలేదు. పసుపు సీజన్ కదా, ఇంట్లో పనుంటుంది అనుకున్నారు. ఆ పై ఆదివారం వచ్చింది. గణేష్ ఏదో చెప్తుంటే మధ్యలో ఆపలేదు. అతను ముగించాక ఉమారాణి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

“ఆ నవలల, కోడలుకు పాప పుట్టి సచ్చిపోతది. నేను ఎరుక లేక పైకి సదువుకుంట పోయిన. సగం పేజీ అయినంక గని నాకు సమజ్ గాలె. అక్షిత గోడ దిక్కు తిరిగి పండుకుంది. మల్ల నన్ను గదిలకు రానిస్తలేదు.” సంచిలోంచి నవల తీసింది. “నువ్వు సదివినవు గదా. దానికి మంచిదనుకునే ఇచ్చినవా? అది వింటే ఏడుస్తది, ఏడిస్తే తేలికయితది అనుకున్నవా? గట్లనుకుంటే చెప్పు, నేను ఒప్పుకుంట.”

తప్పించుకునే దారి కమలాబాయే చూపించింది. అవునంటే సరిపోయేది. ఉమారాణికి అవును అనబుద్ధయింది కూడా. కానీ నోటి నుంచి ఇంకో మాట వచ్చింది.

“మర్చిపోయిన అక్కా.”

కమలాబాయి ఆమెను అలాగే చూసింది. “గసొంటిది సదివినోళ్లు మర్చిపోతరా?” అని మెల్లగా అడిగింది.

ఉమారాణి తల వంచుకుంది. గదిలో అందరికీ అర్థమైంది. ప్రభుదాస్ టీ గ్లాసులు ఏరడానికి లేచాడు, ఇంకా ఎవరూ తాగనే లేదు. గణేష్ కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. కమలాబాయి నవలను బల్ల మీద పెట్టి దిగిపోయింది.

మర్నాడు బస్సులో ఉమారాణి ఫోన్‌ను సంచి అడుగున వేసి ఆ నవల తెరిచింది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే పని. ఆ పేజీ వచ్చినప్పుడు కమలాబాయి గొంతులోనే వినిపించింది. కోడలి మంచం పక్కన కూర్చుని, నవ్వు వస్తుందని ఎదురుచూస్తూ ఆ వాక్యాలను పైకి చదివిన మనిషి కళ్లముందు కనిపించింది. పక్క సీటు ఆమె ఏమైందమ్మా అని అడిగితే, ఏం లేదని ముఖం తుడుచుకుంది. ఆ వారంలోనే నవల పూర్తి చేసింది.

శనివారం ఆ నవల సంచిలో పెట్టుకుని నారాయణదాస్ ఇంటికి వెళ్లింది. కమలాబాయి కూర్చోమంది. మంచినీళ్లు ఇచ్చింది. ఉమారాణి దాచకుండా చెప్పింది. రెండు అధ్యాయాలే చదివానని, ఈ నవలే కాదు, రెండేళ్లుగా ఆదివారం చెప్పినవి చాలావరకు ఇలాంటివేనని.

“మర్చిపోయిన అని కూడ అబద్ధమే చెప్పిన అక్కా. సిగ్గయితుంది.”

“సిగ్గు గాదు ఉమా. అడిగిన రోజే సదవలే అంటే ఏం పోతుండె? నేను ఇంకోటి ఎతుక్కుందును.”

ఉమారాణి లేవబోతుంటే లోపలి గది తలుపు తెరుచుకుంది. అక్షిత గడప దగ్గర నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు, మనిషి బాగా చిక్కిపోయింది. అన్నీ విన్నట్టుంది.

“ఇప్పుడన్న మొత్తం సదివిన్రా ఆంటీ?”

“సదివిన బిడ్డా.”

“అందులున్న కోడలు మల్ల నవ్వుతదా?”

కమలాబాయి కళ్లతోనే బతిమాలింది, అవునని చెప్పమని. ఉమారాణికి ఆ చూపు తెలిసింది. కానీ ఆ ఇంట్లో ఇంకో అబద్ధం ఆడటానికి మనసు రాలేదు.

“లేదు బిడ్డా. ఆఖరికి గూడ నవ్వది. మల్ల లాడ్జికి వచ్చి, దుప్పట్లు మారుస్తది, వచ్చినోళ్లకు చాయ్ పెడుతది. గంతే.”

అక్షిత పుస్తకం ఇవ్వమని చెయ్యి చాపింది. కమలాబాయి వద్దనబోయి ఆగిపోయింది. అక్షిత పుస్తకం తీసుకుని లోపలికి పోయి, తలుపు ఓరగా వేసుకుంది. కమలాబాయి ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఉమారాణి పోయొస్తానంటే తల ఊపింది.

ఆదివారం ఉమారాణి తన వంతు వచ్చినప్పుడు ఇన్నాళ్లు చేసింది అందరికీ చెప్పింది. గణేష్ ఆమె మాట మీద తను కొనుక్కున్న రెండు పుస్తకాల పేర్లు చెప్పి, అవైనా చదివిందా అని అడిగాడు. లేదంది. అతను తలూపాడు.

కమలాబాయి ఎండాకాలంలో మళ్లీ రావడం మొదలుపెట్టింది. అక్షిత ఇప్పుడు వంటింట్లోకి వస్తోందని, రెండు పూటలా తింటోందని అందరికీ చెప్పింది. ఆ నవల గురించి ఏమీ చెప్పలేదు, ఉమారాణి అడగలేదు. ఇద్దరూ పలకరించుకుంటారు. ఉమారాణి ఒక చిన్న పుస్తకం చదువుతోంది, మెల్లగా, ఎంతవరకు చదివిందో అంతవరకే చెప్తోంది. కమలాబాయి వింటుంది. కోడలి కోసం ఏదైనా కావాల్సి వస్తే మాత్రం గణేష్‌ను అడుగుతుంది.