సౌదామిని కోసం ఉపవాసం

కొన్ని వారాలుగా ప్రతి శుక్రవారం రాజమ్మ సౌదామిని కోసం ఉపవాసం ఉంటోంది.

కోదాడలో ఆమె నడిపే ఆడవాళ్ల ప్రార్థన కూడికలో సత్తెమ్మ పెట్టిన మనవి అది. "కడుపుతోని ఉన్న పిల్లక్కా. అత్త పాలల్ల మందు కలుపుతున్నది. మొగుడు నమ్ముతలేడు." చుట్టూ కూర్చున్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. మనవి ఎవరి గురించో, ఏ ఊరో తరచి అడగకూడదు. పరువు సంగతులని ఆ నియమం పెట్టింది రాజమ్మే. గొంతు బొంగురుపోయేదాకా మొరపెట్టింది.

ఈ శుక్రవారం సాయంత్రం ఆ పిల్లకు పంపమని దానిమ్మపండ్లు పట్టుకుని సత్తెమ్మ ఇంటికి వెళ్లింది. సత్తెమ్మ, పక్కింటి జమున టీవీ ముందున్నారు. తెరమీద పట్టుచీర అత్తగారు పాలగ్లాసులో ఏదో కలుపుతోంది.

"తాగకే సౌదామినీ," అంది సత్తెమ్మ టీవీతో.

రాజమ్మ గడప మీదే ఆగిపోయింది. "నేను తిండి మానింది ఈమె కోసమా?"

"అందరికీ తెలుసు గదక్కా," జమున నవ్వు ఆపుకుంది. "మీ ఇంట్ల టీవీ లేదాయె, పాపం."

"దేవునింట్ల ఉన్నదా మరి?"

సత్తెమ్మ నొచ్చుకుంది. "కథైతేంది అక్కా, నా ఏడుపు నిజమే గదా."

వంటింట్లో బిందె పడ్డ చప్పుడైంది. రాజమ్మ లోపలికి ఉరికింది. సత్తెమ్మ కోడలు మానస గోడకు జారగిలబడి ఉంది. నెలలు నిండుతున్న పిల్ల. కాళ్లూ మొహమూ పొంగిపోయాయి.

"తల పగిలిపోతున్నది పెద్దమ్మా. కండ్లు మసకలైతున్నయి. పొద్దున్నే చెప్పిన. సాయంత్రం సీరియల్ అయినంక దవాఖానకు పోదామన్నది అత్త."

"ఇంక జరసేపేనక్కా, అయిపోతది," అని హాల్లోంచి సత్తెమ్మ గొంతు.

రాజమ్మ వెళ్లి టీవీ తీగ పీకేసింది. "కంటితోని ఏం తింటే గదే ఒంటబడతదే సత్తెమ్మా. రోజుకింత విషం చూసి చూసి, నీ జాలంతా గా పెట్టెల పోసినవ్. ఇంట్ల పిల్లకు సుక్క మిగల్లేదు. పైగా దానికి ప్రార్థనొకటి. జమునా, పోయి ఆటో పిలువు."

దవాఖానలో బీపీ చూసిన డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్‌కు రాసింది. ఆడపిల్ల పుట్టింది. తెల్లారేదాకా ఆగుంటే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కేవాళ్లు కాదని చివాట్లు పెట్టింది.

వరండాలో సత్తెమ్మ గొంతు తగ్గించింది. "కూడికల గీ సంగతి చెప్పకక్కా. తలెత్తుకోలేను."

"నేను చెప్ప. నువ్వే చెప్తవ్. మానస లేచి కూసున్నంక, ఆ పిల్ల ముందర. నీతోపాటు ఏడ్చినోళ్లంతా గూడ ఎవరింటి సంగతి వాళ్లు చెప్పాలె."

"సీరియల్ అందరు చూసేదే గదక్కా..."

"అందరింట్ల గిట్లనే ఉన్నరేమో కోడండ్లు. పోయి చూసొస్త."

లోపల్నుంచి నర్సు, మానస మనుషులెవరని పిలిచింది. సత్తెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.