నడవలో పడుకున్న దూలం

తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని వెనక వాకిట్లోకి పోతూ లొరెయిన్ నడవలోని దూలానికి మళ్లీ కాలు కొట్టుకుంది. అదే కాలు, మోకాటి కింద అదే చోటు. ముందుగదిలోంచి మొగుడు క్లైవ్ గొంతు వినిపించింది.

"జాగ్రత్త బంగారం, అక్కడ దూలం ఉంది!"

దూలం అక్కడ మూడు చలికాలాల నుంచీ ఉంది. పక్క లోయలో పాత ప్రార్థనామందిరం పడగొడుతుంటే క్లైవ్ దాన్ని కారు మీద కట్టుకుని తెచ్చాడు. మంచి ఓకు చెక్క, తేనె రంగు. దానికి ఎర్ర రిబ్బను చుట్టి "నీ పుట్టినరోజు కానుక! పొయ్యి మీద షెల్ఫు చేసి పెడతాను, చూస్తూండు" అన్నాడు. లొరెయిన్ నిజంగానే పొంగిపోయింది. ఎవరో ఎప్పుడో పలకలు కొట్టి మూసేసిన చలిమంట గూడును అప్పుడే తెరిపించి, అందులో కట్టెల పొయ్యి పెట్టించుకున్నారు. మంట వచ్చింది, వెచ్చదనం వచ్చింది, పైన రాతిగోడ మాత్రం బోడిగా మిగిలింది. ఈస్టర్‌కి పెడతానన్నాడు. ఆగస్టు సెలవుల్లో అన్నాడు. క్రిస్మస్‌కి, కానుకల మేజోళ్లు వేలాడదీయడానికైనా ఉండాలి కదా అన్నాడు. అడిగితే "ఎందుకలా సణుగుతావు?" అంటాడు. అడగడం మానేస్తే "నువ్వు గుర్తు చెయ్యందే!" అంటాడు. ఈలోగా ఆమె ఆ దూలం చుట్టూ ఊడ్చింది, దాని మీద దుమ్ము తుడిచింది, వచ్చిన వాళ్లందరికీ "కొంచెం చూసి రండి" అని చెప్పింది. కానుకకి కూడా చాకిరీ చెయ్యాల్సి వస్తుందని ఆమెకి ముందు తెలీదు.

తనే పెట్టేసుకోవచ్చు కదా అంటే, అది అంత తేలిక కాదు. ఆమె అత్తవారు సట్‌క్లిఫ్ వాళ్ల ఇంట్లో పనిముట్ల పెట్టె మగవాళ్లది. పెళ్లయిన కొత్తలోనే అత్తగారు డోరీన్ ఆమెని తన వంటింట్లో నిలబెట్టి గోడకున్న తెల్లటి టైల్స్ చూపించింది. "మీ మామగారు వేశారమ్మాయ్. ఒక్కటి వంకర ఉందేమో చూడు! సట్‌క్లిఫ్ మగాళ్ల చేతుల్లోనే ఉంది పనితనం" అంది. ఆ తర్వాత ఒకసారి లొరెయిన్ అద్దం తగిలించుకుందామని డ్రిల్లు తీస్తే, క్లైవ్ తోటలోంచి పరుగెత్తుకొచ్చి దాన్ని మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "నేనుండగా నీకెందుకు శ్రమ?" అని నుదుటి మీద ముద్దు పెట్టాడు. అదే వచ్చిన చిక్కు. తిడితే ఎదురు తిరగొచ్చు, కసిరితే అలగొచ్చు. ముద్దు పెట్టి లాక్కుంటే ఏం చేస్తాం? తను పనిచేసే బడి వంటగదిలో ఆహారపు బండి చక్రం ఊడితే బిగించింది లొరెయినే. హెడ్‌మాస్టరు వచ్చి వాచ్‌మన్‌కి థాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆమె బంగాళాదుంపలు చెక్కుతూ ఊరుకుంది. ఊరుకోవడం కూడా ఒక పనే, దానికీ జీతం లేదు.

ఇప్పుడు క్లైవ్ సైకిల్ మీంచి పడి, భుజానికి ఆపరేషనై, చెయ్యి మెడకి వేలాడదీసుకుని సోఫాలో ఉన్నాడు.

"ఇంక షెల్ఫు వచ్చే ఏడే అనుకో" అన్నాడు దిగులుగా.

లొరెయిన్ బట్టలు ఆరేసింది. లోపలికొచ్చి చేతులు తుడుచుకుంది. మెట్ల కిందనుంచి పనిముట్ల పెట్టె ఈడ్చుకొచ్చి ముందుగది మధ్యలో పెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"నా కానుక విప్పుకుంటున్నాను."

క్లైవ్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి సర్దుకుని కూర్చున్నాడు. లొరెయిన్ పొయ్యి సెగ చెక్కకి తగలనంత ఎత్తు చూసి, గోడకి రసమట్టం ఆనించి, దాని గాజుగొట్టంలో బుడగ మధ్యకి వచ్చాక పెన్సిల్‌తో గీత గీసింది. వెనక్కి నడిచి చూస్తే గీత వంకరగా కనబడింది.

"బుడగ మధ్యలో ఉందిగా? అయితే సరిగ్గా ఉన్నట్టే" అన్నాడు క్లైవ్.

"మన ఇంటి కప్పే ఒక పక్కకి ఒరిగింది క్లైవ్. రోజూ చూడాల్సింది మనం, బుడగ కాదు."

గీతని ఒక పక్క పిసరంత దించింది. ఇప్పుడు కంటికి హాయిగా ఉంది. క్లైవ్ తల ఒక పక్కకి వంచి గీతనే చూశాడు.

మొదటి కన్నం రాళ్ల మధ్య సందులో పడింది. పాత సున్నం పొడిపొడిగా రాలింది. దూలాన్ని మొయ్యాల్సిన ఇనుప చువ్వని లోపలికి దూరిస్తే కదిలే పన్నులా ఊగింది.

"నేను చెప్తూనే ఉన్నా. ఆపెయ్ బంగారం. ఆదివారం కీత్ వస్తాడుగా, వాడు చూసుకుంటాడు."

కీత్ అతని తమ్ముడు. లొరెయిన్ నేల మీద చతికిలబడింది. జుట్టు నిండా సున్నప్పొడి. ఒక్క క్షణం ఆమెకి నిజంగానే హాయిగా అనిపించింది, ఓడిపోవడంలో ఉండే హాయి. కీత్ వస్తాడు, నాలుక చప్పరిస్తాడు, "వదినా, ఒక కప్పు టీ పడెయ్యి, నేను చూస్తా" అంటాడు, ఆమె టీ పెడుతుంది, అందరూ మళ్లీ ఎవరి చోట్లో వాళ్లుంటారు. కన్నం తను తప్పు వేస్తే ఆడదానికి చేతకాదంటారు, అదే కన్నం క్లైవ్ తప్పు వేస్తే పాత గోడ అంటారు. మొన్నటికి మొన్న స్నానాల గదిలో అతను నీళ్ల గొట్టానికే కన్నం పెట్టాడు. ఇల్లంతా వరదైతే తుడిచింది ఎవరు? ఆ రోజు ఎవరూ "క్లైవ్, నువ్వు ఆపెయ్" అనలేదు. ఇల్లు కట్టినవాడి తప్పు అన్నారు. మరి ఇవాళ ఇది కూడా ఇల్లు కట్టినవాడి తప్పే ఎందుకు కాకూడదు?

ఆమె లేచింది. ఆ కన్నాన్ని గట్టిగా పూడ్చేసింది. పక్కనున్న రాయిని వేలితో తట్టి చూసి, దాని నడిబొడ్డున డ్రిల్లు పెట్టి, పొట్టతో సహా ఆనించి నొక్కింది. రాయి కీచుమంది. ఆమె తగ్గలేదు.

కాసేపటికి వెనకనుంచి చిన్న గొంతు వచ్చింది. "నాకేం పని చెప్పవా?"

"దుమ్ము లాగే మిషన్ పట్టుకో."

క్లైవ్ మంచి చేత్తో గొట్టాన్ని కన్నం కింద పట్టుకుని నిలబడ్డాడు. సగం దుమ్ము గొట్టంలోకి, సగం అతని కనుబొమల మీదికి పోయింది. కన్నాల్లో జిగురు పోసి దూర్చిన చువ్వలు గట్టిపడేదాకా ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. మర్నాడు చువ్వల కొలతకి దూలం వెనక కన్నాలు తొలిచి, అటొక నిచ్చెన ఇటొక నిచ్చెన వేసి, ఒక్కో కొసా ఒక్కో మెట్టే ఎక్కించుకుంటూ పైకి తెచ్చి చువ్వల్లోకి దూర్చింది. చివర్న తుంటితో ఒక్క తోపు తోసింది. దూలం గోడకి అతుక్కుపోయింది.

ఆదివారం కీత్, డోరీన్ వచ్చారు. కీత్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒంటిచేత్తో పెట్టావురా అన్నయ్యా? అచ్చం నాన్న చెయ్యే!"

క్లైవ్ నోరు తెరిచాడు. మాట మాత్రం వెంటనే రాలేదు. ఆ కాస్త ఆలస్యం లొరెయిన్ చూసింది. ఇన్నేళ్లూ అలాంటి ఆలస్యాల్లోనే తను టీ పోస్తూ గడిపేసింది. కెటిల్ బల్ల మీద పెట్టింది.

"నేను పెట్టాను కీత్."

కీత్ నవ్వి అన్న వైపు చూశాడు.

"అవున్రా, తనే" అన్నాడు క్లైవ్, చెవులు ఎర్రబడుతుండగా. "నేను దుమ్ము పట్టాను."

"ఆగుతుందంటావా వదినా? మీద పడదు కదా?"

డోరీన్ కుర్చీలోంచి లేచింది. షెల్ఫు దగ్గరికెళ్లి రెండు అరచేతులూ దాని మీద ఆనించి ఒళ్లంతా బరువేసింది. చెక్క కదల్లేదు. ఆమె అలాగే, గోడ వైపు తిరిగే అంది:

"మా వంటింటి టైల్స్ వేసింది నేనే."

కొడుకులిద్దరూ ఆమె వీపు వైపు చూశారు.

"మెట్ల రెయిలింగు కూడా. మీ నాన్నకి అప్పుడు మిల్లులో పెద్ద పని. ఇంటికొచ్చి చూసి, నలుగురిలో నా పరువేం కావాలి అన్నాడు. సరే, నువ్వే వేశావని చెబుదాంలే అన్నాను. మంచివాడు పాపం. చెప్పగా చెప్పగా ఆయనకీ నిజమే అనిపించింది." చెక్క మీద ఒకసారి చెయ్యి రాసింది. "నాకూనూ."

"అయితే మరి మా చేతులు?" అన్నాడు కీత్, నవ్వాలో మానాలో తెలీక.

"మీవి నా చేతులేరా, వెధవల్లారా!"

లొరెయిన్ ఆమె దగ్గరికెళ్లింది. అత్తాకోడళ్లు కౌగిలించుకునే ఇల్లు కాదది. పక్కన నిలబడి, తనూ ఒక చెయ్యి చెక్క మీద పెట్టింది.

"వానలకి నా వెనక తలుపు ఉబ్బిపోయి పట్టేస్తోంది" అంది డోరీన్ ఉన్నట్టుండి.

"వచ్చే వారం నేనొచ్చి చూస్తాలే అమ్మా" అన్నాడు కీత్.

లొరెయిన్ పెట్టెలోంచి చెక్క గీకే చిత్రిక తీసి, కీత్‌ని దాటుకుంటూ వచ్చి, దాన్ని అత్తగారి చేతుల్లో పెట్టింది.

"రేపు వస్తాను అత్తయ్యా. నేను తలుపు పట్టుకుంటాను, చిత్రిక మీరు పట్టండి."

డోరీన్ చిత్రికని తిరగేసి, దాని అంచు మీద బొటనవేలు ఆడించింది.

"ముందు దీనికి పదును పెట్టాలి" అంది.