కొండపట్ట కషాయం

"తాగినావా?"

పొద్దున లేచాక ఆ ఇంట్లో మునిలక్ష్మిని అడిగే మొదటి మాట అదే. నిద్ర పట్టిందా అని కాదు, ఒళ్ళు బాగుందా అని కాదు. పొయ్యి పక్కన ఎవర్‌సిల్వర్ గ్లాసులో కొండపట్ట కషాయం ఆవిరి కక్కుతూ ఉంటుంది. అత్త చంద్రకాంతమ్మ దాన్ని కొంగుతో పట్టుకొచ్చి ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడుతుంది. నాలుకను మొద్దుబార్చి గొంతును బిగించే వగరు. మధ్యాహ్నం అన్నంలోనూ అదే రుచి. మొగుడు ముద్దు పెట్టుకున్నా అదే రుచి. తన నోరు తనది కాదనీ, ఎవరో పొద్దున్నే వచ్చి తాళం వేసిపోతున్నారనీ ఆమెకు అనిపించేది.

కొండమీది అడవుల నుంచి వచ్చే ఆ పట్టతోనే, అంటే చెట్టు బెరడుతోనే, మొగుడు ధనంజయ వాళ్ళ మూలికల అంగడికి తిరుపతిలో పేరొచ్చింది. కడుపు పండని ఆడవాళ్ళు నగరి నుంచి, శ్రీకాళహస్తి నుంచి బస్సులెక్కి వచ్చి పొట్లాలు కట్టించుకుపోయేవారు. అలాంటి అంగడి కోడలికే పెళ్ళయి ఇన్నేళ్ళైనా బిడ్డ లేకపోతే ఎట్లా? "మన సరుకు మీద మనమే మన్ను పోసుకున్నట్టుండాది," అనేవాడు ధనంజయ. వేలూరు డాక్టరమ్మ ఇద్దరినీ పరీక్షకు రమ్మంటే నవ్వినాడు. "నాకేం రోగం? నువ్వు పట్ట తాగు, సాలు."

ఆమె యూనివర్సిటీలో పరిశోధనకు చేరతానన్నప్పుడు అతను ఒప్పుకున్నదీ ఆ పట్ట కోసమే. "మన పట్ట మీదనే సెయ్‌మే. పెద్ద చదువులోళ్ళు పరీక్షించినారని పొట్లం మీద అచ్చేపిస్తాం." ఆ అనుమతిని ఆమె రెండు చేతులా అందుకుంది. తాను తలుపు అనుకున్నది ఆ ఇంటికే ఇంకో గది అని చాలాకాలానికి గాని తెలియలేదు.

పరీక్ష పెద్దదేమీ కాదు. ఎర్రగడ్డను, అంటే ఉల్లిపాయను, సీసా మూతి మీద కూర్చోబెట్టి, అడుగుభాగం నీళ్ళకు తగిలేలా ఉంచితే తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఆ వేళ్ళ కొనల్లో కణాలు ఒకటి రెండవుతూ ఉంటాయి. ఒక వరస సీసాల్లో పట్ట రసం, పోలిక కోసం ఇంకో వరసలో వట్టి నీళ్ళు. కొనలు కోసి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తే, రసం కణాలకు విషమో కాదో తెలిసిపోతుంది. అయితే కణాలు చురుగ్గా విడిపోయే వేళ చూసి, పొద్దున్నే కోయాలి. ఇంట్లో ఇడ్లీ పాత్ర కూతపెట్టే వేళా అదే. అందుకే సీసాలను ఇంటికి తెచ్చుకుంది. వేళ్ళకు వెలుతురు తగలకుండా అంగడిలోని ముదురు రంగు మందుసీసాలే వాడింది. చట్నీ తిరగమోత పెట్టి, చెయ్యి కడుక్కుని, బ్లేడు పట్టుకునేది.

అది పెరటాసి, కొండమీది స్వామికి నిష్ఠగా ఉండే నెల. ఆ నెలంతా ఎర్రగడ్డ ఆ ఇంటి గడప తొక్కదు. చంద్రకాంతమ్మ వంటింటి కిటికీలో సీసాలను చూసి ముక్కుమీద వేలేసుకుంది.

"స్వామి నెలలో ఎర్రగడ్డలకు కొలువు పెట్టినావా తల్లీ! బొమ్మల కొలువు మాదిరి వరసగా సూడు. నైవేద్యం ఏం పెట్టేది?"

అలా సీసాలు బావి పక్కన పిట్టగోడ మీదికి పోయాయి.

పట్ట రసంలో పెట్టిన గడ్డలకు వేళ్ళు సరిగా దిగలేదు. దిగినవి మొండిగా, కొనలు నల్లబడి ఉన్నాయి. మైక్రోస్కోపు కింద, కణంలో విడిపోయి రెండు వైపులకు పోవాల్సిన క్రోమోజోముల దారాలు ముద్దగా అంటుకుపోయి కనిపించాయి. విడిపోలేక, కలిసి ఉండలేక. ఆమె చాలాసేపు ఆ గొట్టం మీదనుంచి కన్ను తీయలేదు.

అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెబితే ధనంజయ ముద్ద కలుపుతూనే అన్నాడు, "మీ ల్యాబులో సిక్కగా పోస్తారు. అమ్మ కాంచేది పల్చన. అయినా ఎర్రగడ్డ వేరు, ఆడమనిషి వేరు. నీకేమన్నా వేర్లు వస్తాయా?" తన మాటకు తానే నవ్వినాడు. అది నిజమే. మొక్క కణానికి విషమైనది మనిషికీ విషమేనని ఎవరూ అనలేరు. గైడు వెంకటేశ్వర్లు గారు కూడా ఆ మాటే అన్నారు. సరే, ఇంకా గట్టి రుజువు కావాలి అనుకుంది. అది దొరికేదాకా అనుకుంటూ తాగుతూనే ఉంది.

పెరటాసి ముగియవస్తుండగా వట్టి నీళ్ళ వరస కూడా చచ్చిపోయింది.

ఒక్కో గడ్డనూ ఎత్తి చూసింది. కొత్తగా దిగుతున్న వేళ్ళు ఎక్కడివక్కడ ఆగి, తుప్పు రంగు పట్టాయి. ముందు తనను తానే అనుమానించింది. సీసాలు సరిగా కడగలేదేమో. కన్నీళ్ళు తుడుచుకున్న చేత్తో ముట్టుకున్నానేమో. వేరు రాకపోతే తప్పు గడ్డది, బిడ్డ రాకపోతే తప్పు తనది, పరీక్ష చెడితే అదీ తనదే. ఆ లెక్క ఆమె ఒంట్లో ఎప్పుడో ఇంకిపోయింది. అప్పుడు వాసన తగిలింది. ముక్కుకంటే ముందు గొంతు గుర్తుపట్టింది దాన్ని. కొండపట్ట.

"నేనే పోసినా మే," అంది చంద్రకాంతమ్మ బావి దగ్గర బిందె తోముతూ. "ఒక వరసకు మందు, ఒక వరసకు వట్టి నీళ్ళా? ఒక ఇంట్లో రెండు పంక్తులు పెడతారా ఎవరన్నా? పాపం అనిపించినాది. నాలుగు దినాలుగా నీ గ్లాసుకు పోయంగా మిగిలింది, ఆ నీళ్ళు పారబోసి పోస్తా ఉండా. పల్చందే. బాగా ఎదుగుతాయని."

మునిలక్ష్మి సీసాలోని నీళ్ళను అరచేతిలోకి ఒంపుకుని చూసింది. తాను రోజూ తాగేదే. అంతే పల్చన. ఇక ధనంజయ ఏమంటాడు? గబగబా రెండడుగులు వేసి ఆగింది. అతను ఏమంటాడో వినిపించింది. గడ్డలు ముందే కుళ్ళినాయేమో. ఎంత పోసిందో అమ్మ కొలిచిందా? అవీ నిజాలే. కొలత లేదు, పోలిక లేదు. ఇది రుజువు కాదు. మళ్ళీ గడ్డలు కొనాలి, మళ్ళీ మొదలుపెట్టాలి, అంతదాకా తాగాలి.

అంతదాకా ఎందుకు? ఆ ప్రశ్న చాలా నెమ్మదిగా వచ్చింది, వెనక గుమ్మంలోంచి వచ్చే చుట్టంలాగా. తాగమనడానికి ఎవరు చూపించారు రుజువు? నాకేం రోగం అన్నవాడిని ఎవరు అడిగారు రుజువు? వద్దు అనే రెండక్షరాల కోసం తానొక్కతే ఇన్నాళ్ళూ ఎర్రగడ్డల చేత సాక్ష్యం చెప్పించాలని చూస్తోంది. అవి తమ సంగతి తాము చెప్పాయి. తన సంగతి అవెందుకు చెప్పాలి?

మర్నాడు పొద్దున అత్త గ్లాసు తెచ్చింది. మునిలక్ష్మి చెయ్యి చాపలేదు. చంద్రకాంతమ్మ కోడలి వైపు చూసింది, కిటికీలోంచి పిట్టగోడ వైపు చూసింది.

"నేనూ తాగినా మే," అంది, గొంతు తగ్గించి. "వీడు పుట్టేదానికి ముందు. ఏడేండ్లు." గ్లాసు పొయ్యి గట్టు మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీదనుంచి తీయలేదు.

హాల్లోంచి ధనంజయ కేకేసినాడు. "తాగినావా?"

"లేదు."

అతను గుమ్మం దగ్గరికి వచ్చినాడు. "ఏం? నీ ఎర్రగడ్డల్లో రుజువు దొరికిందా?"

యూనివర్సిటీ బస్సు వేళ దాటిపోతోంది. ఇంకో వాయి వేయాలి. మునిలక్ష్మి ఇడ్లీ గుంటల మీది తడిగుడ్డ తీసింది. ఆవిరి మొహానికి కొట్టింది.

"దొరకలేదు," అంది. "అయినా తాగను."