పేరు చెరిగిన క్లచ్

ఆ క్లచ్‌కి పేరు లేదు. తయారుచేసిన వాళ్ళ ముద్ర ఉండాల్సిన చోట ఎవరో గ్రైండర్ పెట్టి గీకేశారు. ట్రాక్ పక్కన గుడారం వేసుకున్న పాత సామాన్ల వ్యాపారి దాన్ని గుడ్డతో తుడిచి, "మీ బండికి అచ్చంగా సరిపోతుందమ్మా" అన్నాడు, నా బండి ఏదో అడక్కుండానే. మాటలతో క్లచ్‌లు బిగిసిపోతే నాకీ షెడ్డెందుకు?

కానీ వేరే దారి లేదు. మేనకోడలి కార్టు క్లచ్ ఆ రోజే మాడి మసైపోయింది. కార్టంటే పైకప్పూ తలుపులూ లేకుండా నేలని రాసుకుంటూ పరిగెత్తే చిన్న రేసు బండి. అర్హత పరుగులో రెండో వరుసలో చోటు సంపాదించి, ఆ సంబరం తీరకముందే క్లచ్ పోగొట్టుకుంది మా పిల్ల. పందెం మర్నాడే.

మామూలు పందెమైతే ఇంకోసారి చూద్దాంలే అనేదాన్ని. పోయినసారి మొదటి మలుపులో ఎవరో గుద్దితే బండి తిరగబడి దాని భుజం ఎముక విరిగింది. అది అతుక్కున్నాక ఇదే మొదటి పందెం. "ఈసారి స్టార్టులో నాకు భయమేసిందంటే ఇంక జన్మలో ఎక్కనత్తా" అని తేల్చి చెప్పేసింది. మొండిఘటం. అన్నదంటే అన్నదే.

షెడ్డులో బల్ల మీద లైటు కిందకి లాగి కూర్చున్నాను. అన్నయ్య, అంటే పిల్ల తండ్రి, ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. టైలరు. వదిన పోయాక కూతుర్ని కంటికి రెప్పలా పెంచాడు. యంత్రాలంటే కుట్టు మిషను తప్ప ఏమీ తెలియదు, కానీ కొలతలంటే చెవి కోసుకుంటాడు.

పేరు లేకపోతేనేం, ఏ వస్తువైనా తన ఊసు తానే చెబుతుంది. ఇరుసు దూరే రంధ్రాన్ని కాలిపర్‌తో కొలిచాను, మన ఇంజన్‌దే. ఇరుసు జారకుండా పట్టే తాళం గాడి వెడల్పు సరిపోయింది. పళ్ళ చక్రం మీద మన చైను ముక్క పెట్టి చూస్తే ఒక్క పన్ను కూడా పేచీ పెట్టలేదు. లోపలి పలకల్ని ఒక్కొక్కటే గాజు పలక మీద బోర్లించి మూలల్లో వేలితో నొక్కాను. ఒక్కటీ ఊగలేదు, వంకర లేదు. ఆరు స్ప్రింగులూ పక్కపక్కన నిలబెడితే ఒకే ఎత్తు. వ్యాపారి మాటకారే గానీ దొంగ కాదు.

"ఇదెలా పని చేస్తుంది?" అన్నాడు అన్నయ్య.

అడిగేవాడుంటే నాకు నోరాగదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగినంతసేపూ క్లచ్ చక్రాల్ని పట్టుకోదనీ, వేగం పెరిగితే లోపలి బరువులు బయటికి విసురుకుని పలకల్ని నొక్కుతాయనీ, అప్పుడే బండి కదులుతుందనీ చెప్పాను. స్ప్రింగులు ఆ బరువుల్ని పట్టి ఉంచుతాయి. ఇంజన్ బలం నిండుగా ఉన్నచోట క్లచ్ పట్టుకునేలా వాటి మరలు బిగించడమే అసలు విద్య.

"మరీ వదులైతే?"

"తొందరపడి ముందే పట్టేస్తుంది. ఇంజన్ ఇంకా ఊపందుకోకముందే బరువంతా దాని నెత్తిన పడుతుంది. బండి ఈసురోమంటూ బయల్దేరుతుంది."

అన్నయ్య తలూపాడు. అప్పటికి నా గొప్ప నేను చెప్పుకుంటున్నాననే అనుకున్నాను.

ఆరు మరలూ బిగించి, ఒక్కో మర తల నుంచి పలక మీదికి నెయిల్ పాలిష్‌తో గీత గీశాను. మర కదిలితే గీత తెగుతుంది. నా గోళ్ళు ఏనాడూ రంగెరగవు. ఆ సీసా మరల సొత్తు. క్లచ్ బండికెక్కించి, షెడ్డు తాళం చెవి అన్నయ్య చేతిలో పెట్టాను. పొద్దున బండిని ట్రాక్‌కి తెచ్చేది తనే.

పొద్దున ప్రాక్టీసు స్టార్టు. బళ్ళన్నీ వరుసల్లో నిలబడ్డాయి. లైటు మారింది. ముందు వరుస రివ్వున పోయింది. మా బండి గొంతు పూడుకుపోయినట్టు మూలిగి, అక్కడే నీలిగింది. వెనకనుంచి వచ్చినవాడు చివరి క్షణంలో పక్కకి తిప్పేశాడు. వాడి చక్రం మా బండి బంపర్‌ని రాసుకుంటూ పోయింది. వాడి వెనకవాడు గడ్డిలోకి దూకాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కంచె పట్టుకున్న అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

వ్యాపారి పక్క గుడారంలోనే ఉన్నాడు. వెళ్ళి నోటికొచ్చినట్టు కడిగేశాను. అతను నొచ్చుకోకుండా, "విప్పి చూడండమ్మా, తప్పు నాదైతే నలుగురిలో చెప్పండి" అన్నాడు. ఆ నిదానం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వచ్చి మూత విప్పాను.

ఆరు గీతలూ తెగిపోయి ఉన్నాయి. అదురుకి ఒకటో రెండో వదులవుతాయి, అవీ తలో తీరుగా. ఇవి ఆరూ ఒకే మేర వెనక్కి తిరిగాయి. కాలిపర్ పెట్టాను, వెంట్రుకవాసి తేడా లేదు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి మర పక్కనా, ఎక్కడిదాకా తిప్పాలో గుర్తుగా, సన్నటి నీలి సుద్ద గీత. గుడ్డ కత్తిరించేముందు గీసే సుద్ద.

చెడగొట్టేవాడు ఇంత పొందిగ్గా చెడగొడతాడా? నేను తలెత్తేసరికి మేనకోడలు ఎదురుగా టైరు మీద కూర్చుని ఉంది, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని.

"దాన్ని ఊరికే విప్పకత్తా. క్లచ్ కాదు. నా కాలు."

"ఏమిటే?"

"లైటు మారగానే తొక్కాననే అనుకున్నాను. తొక్కలేదు. భుజం గుర్తొచ్చుంటుంది. కాలు నాకు తెలియకుండానే వెనకాడింది. ఇంక నావల్ల కాదు. పేరు తీయించెయ్."

దాని గొంతులో ఏడుపు లేదు. అదే నన్ను భయపెట్టింది. పదేళ్ళప్పట్నుంచీ ఈ బళ్ళంటే చచ్చేంత ఇష్టంతో బతికిన పిల్ల, తన కాలిని తనే నమ్మడం మానేసింది.

దాని వెనక అన్నయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో మంచినీళ్ళ సీసాతో. నేను తన కళ్ళలోకి చూశాను. ఆ చూపులోనే తనకి అర్థమైంది, నాకు తెలిసిపోయిందని.

ఇప్పుడు తను నోరు మెదపకపోతే చాలు. కోరుకున్నది ఒళ్ళోకొచ్చి పడుతుంది. కూతురు ఇంక ఏ బండీ ఎక్కదు, ఏ ఎముకా విరగదు. మైకులో పిలుస్తున్నారు, పేర్లు వెనక్కి తీసుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పాలని. నిజం నా నాలుక కొన దాకా వచ్చింది. పళ్ళు బిగపట్టాను. నేను చెబితే అది చాడీ అవుతుంది. తను చెప్పకపోతే మాత్రం ఈ జన్మకి అన్నాచెల్లెళ్ళం కామని అప్పుడే అనేసుకున్నాను.

పిల్ల లేచింది. పేర్లు రాసే బల్ల వైపు నాలుగడుగులు వేసింది.

"కాలు కాదు తల్లీ" అన్నాడు అన్నయ్య.

అది ఆగింది.

"నేనే. పొద్దున బండి తెచ్చేముందు మరలు వదులు చేశాను. గుంపు ముందుకెళ్ళిపోతే వెనకాల నువ్వు చల్లగా వెళ్తావనుకున్నాను."

"వెనకవాళ్ళు నా మీదికెక్కేసేవాళ్ళు నాన్నా."

"చూశాను. అప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు."

అది కుడికాలు కొంచెం ముందుకి చాపి, బూటు వంక చూసుకుంది.

"అయితే నేను తొక్కాను."

"తొక్కావు. నీ కాలు ఎక్కడా వెనకాడలేదు."

అప్పుడొచ్చింది ఏడుపు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "నీతో తర్వాత మాట్లాడతా. ముందు బిగించండి" అంది.

మరలు తిప్పే పానా అన్నయ్య చేతికిచ్చాను. "వదులు చేసిన చెయ్యే బిగించాలి. ఆ నీలి గీతలు వదిలేసి నా గీతల దగ్గరికి తే." పానా మొదటి మర మీంచి రెండుసార్లు జారింది. కుట్టు ఒక్కటీ తప్పని వేళ్ళు. అయినా ఎదురెదురు మరలు పట్టుకుని, కొంచెం కొంచెంగా ఆరూ చేర్చాడు. తెగిన గీతలు కలిశాయి. బండిని స్టాండెక్కించి ఇంజన్ తిప్పాను. ఇంజన్ వేగం చూపే సూది నేననుకున్న చోటికి రాగానే చైను ఒక్క ఊపున లాగింది. పక్క గుడారంలోంచి వ్యాపారి తొంగి చూశాడు. అతనికి క్షమాపణ సాయంత్రం చెబుదామనుకున్నాను.

స్టార్టు గీత దగ్గర ప్రతి బండి పక్కనా మెకానిక్ నిలబడాలి. అది నా చోటు. మేనకోడలు హెల్మెట్ పెట్టుకుని, "నాన్న నిలబడతాడు" అంది. నాకు చివుక్కుమంది, దాచుకోవడమెందుకు. కానీ చేతి గుడ్డ తీసి అన్నయ్య భుజాన వేశాను.

ఈల వినిపించగానే మెకానిక్‌లంతా పరుగున కంచె ఇవతలికి వచ్చేశారు. అన్నయ్య నా పక్కకొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. లైటు మారింది. ఇంజన్లన్నీ ఒకేసారి అరిచాయి, అందులో మా బండి గొంతు నిండుగా, ఎక్కడా తడబడకుండా వినిపించింది. ముందు వరుస వెన్నంటే దూసుకుపోయింది.

"మలుపు దాటిందా?" అన్నాడు అన్నయ్య. తను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

గుంపంతా మలుపులోకి దిగుతోంది. ఎప్పుడూ ఇంతే. ప్రతి పందేనికీ నేనే చూసి తనకి చెప్పేదాన్ని.

"నేను చెప్పను" అన్నాను. "నువ్వే చూసుకో."

నా మణికట్టు నలిగిపోతోంది. అన్నయ్య కళ్ళు తెరిచాడు.