కుడివైపు వెలుగు

శుక్రవారం పొద్దున ఆర్విల్ స్టకీ స్కూలు నడవాను రెండోసారి తుడుస్తున్నాడు. ఒకసారి తుడిచేశానన్న సంగతే గుర్తులేదు పాపం. అరవై రెండేళ్ల మనిషి. ఒహాయోలోని ఆ స్కూల్లో ముప్ఫై ఏళ్లుగా అదే పని. ఎడమ భుజం కిందికి జారింది, నీలం ప్యాంటు మోకాళ్ల దగ్గర తెల్లబడింది. ఎదురొచ్చేవాళ్లు తడి నేలను చూసి తప్పుకుంటారే గాని అతన్ని చూసి కాదు.

ఒళ్లిక్కడ, మనసు వంటింటి బల్ల మీద. అక్కడ 1827 నాటి వెండి అర డాలరుంది. ఆ రోజుల్లో నాణేలు కొట్టే అచ్చులు చేత్తో చెక్కేవారు కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో నక్షత్రం పక్కకి జరుగుతుంది, ఇంకోదాంట్లో అంకె వంగుతుంది. ఆ తేడాల కోసమే ఆర్విల్ ఒకే నాణేన్ని నలభై రకాలు పోగేశాడు. అచ్చు పగిలితే ఆ పగులు నాణెం మీద సన్నటి గట్టులా లేస్తుంది. ఈ నాణెం మీద నక్షత్రం నుంచి, మధ్యనున్న స్వేచ్ఛాదేవి మొహం పైని టోపీ దాకా అలాంటి గట్టుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు!

"ఒరేయ్, నిజమైతే ఆ రకానికి నీ పేరే పెడతారు. శనివారం క్లబ్బులో లేచి నిలబడి చెప్పాలి మరి!" అన్నాడు ముందురోజు రాత్రి ఫోన్లో నాణేల క్లబ్బు స్నేహితుడు డెల్బర్ట్.

భార్య లోర్నా మాత్రం, "ఆ ఒక్క మొహాన్నే నలభైసార్లు కొన్నావు. నా మొహం ఆ భూతద్దంతో ఒక్కసారైనా చూశావటయ్యా?" అంటూ టేబుల్ లైటును తన కుట్టుపని కోసం ఇంకాస్త కుడికి లాక్కుంది.

మధ్యాహ్నం శాండ్‌విచ్ కొరుకుతుంటే అది గుర్తొచ్చింది. లైటు! ముప్ఫై ఏళ్లుగా అతనికి వెలుగు ఎడమవైపు నుంచే. రాత్రి ఆ గట్టు చూసింది మాత్రం లోర్నా కుడికి లాక్కున్న లైటు కింద. కుడి నుంచి పడితే, అలా అలవాటుపడ్డ కంటికి పల్లం కూడా గట్టులా కనబడుతుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లే చేసే పొరపాటు. ఇంటికి పరిగెడదామంటే సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆట, బెంచీలు వేయాలి. వేసిన వరుసే తీసి మళ్లీ వేశాడు.

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా లైటు ఎడమకి జరిపాడు. గట్టు పల్లమైంది. ఎవరో ఎప్పుడో మేకుతో గీసిన గాటు, అంతే. అతనికి ఏడుపొచ్చింది. జీవితంలో ఒక్కసారి నలుగురి ముందు లేచి నిలబడదామనుకున్నాడు.

"ఏమయ్యా, నీ పేరు ఖాయమేనా?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది లోర్నా.

"సూపు కానియ్. చెప్తా."

ఆమె గిన్నెలు తెచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

సమాధి చేసిన మర్నాడు డెల్బర్ట్ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"కొత్తదేనా అది? నువ్వు చెప్పు," అంది లోర్నా.

అతను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. లైటును మెల్లగా కుడివైపుకి జరిపి, అద్దం ఆమె చేతికిచ్చాడు. "నువ్వే చూడు, ఎలా లేచిందో. ఇకనుంచి ఇది స్టకీ రకం."

లోర్నా వంగి చూసింది. "అవును, బాగా లేచింది," అంది కళ్లు తుడుచుకుంటూ. డెల్బర్ట్ వచ్చినప్పటినుంచీ బల్ల మీద ఆనించిన ఆమె మోచెయ్యి మాత్రం కదల్లేదు.

దానికింద నాణేనికి తొడిగే చిన్న కాగితం కవరుంది. మూడు రోజులుగా ఆమె చదువుతున్న ఆర్విల్ పెన్సిలు రాత ఉంది దాని మీద: "గాటు. పగులు కాదు. డెల్బర్ట్‌కి చెప్పాలి."