ముందు కొయ్య, తర్వాత ఇనుము

ఫెర్మో మంచివాడే. ఆ మాట ముందే చెప్పేయడం నయం, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్ళు అతన్ని రెండు తిట్లు తిట్టకుండా ఉండలేరు. తాగి తూలినవాడు కాదు, పెళ్ళాం మీద చెయ్యెత్తినవాడు కాదు. గార్దోనె ఊళ్ళో గురిపోటీల తుపాకులకు అక్రోటు కొయ్య చెక్కడంలో అతన్ని మించినవాడు లేడు. చెక్క మీద చెయ్యి పెడితే ఎక్కడ ఏ ముడి ఉందో ఇట్టే చెప్పేసేవాడు. ఇంట్లో మనిషి దగ్గరే ఆ తెలివి పనిచేయలేదు. దీపం కిందే చీకటంటారు కదా.

ఆ ఊరున్న కొండ లోయలో ఒక పాత ఆచారం ఉంది. ఎవరి గురి తప్పినా ఆ మనిషిని ఏమీ అనరు. అతని తుపాకీ తెచ్చి చేసినవాడి బల్ల మీద పెడతారు. చేసినవాడు మొదట కొయ్య చూస్తాడు, ఆ తర్వాత ఇనుము చూస్తాడు. రెండింటిలోనూ లోపం దొరక్కపోతేనే కాల్చిన మనిషి వంక తలెత్తుతాడు. "ముందు కొయ్య, తర్వాత ఇనుము, ఆఖరున మనిషి" అని ఫెర్మోకి తండ్రి నేర్పాడు. మర్యాదైన పద్ధతే. తప్పు నీదని మొహం మీద అనడం కన్నా చెక్క మీదికి తోసేస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

ఫెర్మో భార్య దెల్ఫీనా పడుకుని కాల్చే పోటీల్లో ఊరి క్లబ్బుకి పెద్ద దిక్కు. ఆమె కాల్చేది చిన్న తూటా తుపాకీ. అది వెనక్కి తన్నేదెంత, పిల్లి కాలితో తట్టినంత. కానీ యాభై మీటర్ల అవతల చొక్కా గుండీ అంత చుక్కని కొట్టాలంటే ఆ పిల్లి తాపూ లెక్కలోకి వస్తుంది. తూటా వెళ్ళేటప్పుడు గొట్టం మొన లేచి, మళ్ళీ లేచిన చోటికే వచ్చి కూర్చోవాలి. అలా కూర్చోకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు.

ఒక శీతాకాలం దెల్ఫీనా తన తుపాకీ తెచ్చి ఫెర్మో బల్ల మీద పెట్టింది.

"ఏమంటోంది?" అన్నాడు ఫెర్మో, తుపాకీ వంకే చూస్తూ.

"పేలాక మొన కుదురుగా రావట్లేదయ్యా. ఎడమకి జారిపోతోంది. పట్టు ఆనట్లేదు."

"నా కొయ్యకి పట్టు లేదంటావా? నీ తమ్ముడి నోటికి పట్టు లేదంటే నమ్ముతాను."

ఆమె నవ్వింది. ఎడమ చేతి వేళ్ళు నలుపుకుంటూ కాసేపు నిలబడింది. అప్పటికి అతను కొయ్యని కిటికీ వెలుగులోకి తిప్పి కన్ను మూసి చూస్తున్నాడు. ఆమె వెళ్ళి పొలెంటా, అదే మొక్కజొన్న పిండి సంకటి, కలుపుకుంది.

ఎడమ చెయ్యి ఆనే చోట కొయ్యని కాస్త లోతుగా చెక్కి ఇచ్చాడు. కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ తుపాకీ బల్ల మీదికి వచ్చింది. సరే, కొయ్య అయింది, ఇక ఇనుము. గొట్టం చివర ఇత్తడి ఉంగరం తొడిగాడు. మొన బరువెక్కితే లేవడం తగ్గుతుంది. ఆ ఏడు దెల్ఫీనా బ్రేషా పట్నంలో పోటీ కప్పు గెలిచింది. ఫెర్మోకి కళ్ళు నెత్తికెక్కాయి.

మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఇంకో ఉంగరం. ఆ తర్వాత ఇంకోటి. అదీ చాలక, భుజానికి ఆనే కొయ్య మడమలో తొలిచి, స్ప్రింగు మీద సీసపు గుండు అమర్చాడు. తుపాకీ వెనక్కి తన్నబోతే ఆ గుండే తన్ను మింగేస్తుంది. అంత పని చేసి మురిసిపోయాడు. ఈలోపు ఇంట్లో కాఫీ కప్పులు జారి పగులుతున్నాయి. ఊరగాయ సీసా మూత తీసిపెట్టమని ఆమె అడుగుతోంది. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతూ కోటు గుండీలు తప్పు తప్పుగా పెట్టుకుంది. "ముసలమ్మవైపోతున్నావే" అని ఫెర్మో నవ్వాడు. వేరే ఎవరి తుపాకీ అయినా అన్ని సార్లు తిరిగొస్తే ఆఖరున మనిషి వంక చూసేవాడే. పెళ్ళాం విషయంలో ఆ ఆఖరు రానే లేదు. ఇంకొంచెం బరువు వేస్తే సరిపోతుందనే అనుకున్నాడు.

అలా ఏళ్ళు గడిచాక ఒక వసంతంలో క్లబ్బు పోటీ జరిగింది. గురి మైదానం చూసుకునేది దెల్ఫీనా తమ్ముడు బోర్తొలో. వెనక కొట్టంలో ఇనప కడ్డీకి మాంసం గుచ్చి, సేజ్ అనే ఘాటైన ఆకులు వేసి, వెన్న పోస్తూ పొద్దుటి నుంచి తిప్పుతున్నాడు. ఊరంతా ఆ వాసనకే వచ్చింది. దెల్ఫీనా పడుకుని, తుపాకీని ఎడమ చేతికి ఆనించి కట్టే పటకా బిగించుకుని మొదటి తూటా కాల్చింది. అది పక్కవాడి గురి అట్టలో పడింది. రెండోదీ అక్కడే పడింది.

అనుభవం ఉన్నవాళ్ళు పక్కవాడి అట్ట కొట్టడమంటే ఆ మైదానంలో తల తీసేసినంత పని. ఫెర్మో గబగబా వెళ్ళి పటకా కొక్కెం తప్పించి ఆమె చేతిలోంచి తుపాకీ లాక్కున్నాడు.

"స్ప్రింగు వదులైపోయుంటుంది. నేనప్పుడే అనుకున్నా."

"ఇటియ్యి బావా, నేను చూస్తా" అంటూ బోర్తొలో వచ్చాడు, చేతుల వెన్న లాగుకి తుడుచుకుంటూ.

"నువ్వా? నువ్వు కాలిస్తే కొండ కూడా తప్పించుకుంటుందిరా."

మాట నిజమే. ఆ క్లబ్బులో బోర్తొలో అంత చెత్త గురి ఇంకెవరికీ లేదు. అతను పడుకుని ఐదు తూటాలు కాల్చాడు. అట్ట తెచ్చి చూస్తే ఐదూ దగ్గర దగ్గరగా చుక్కలోనే ఉన్నాయి. జన్మలో అతను అలా కొట్టలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు.

"బావా" అన్నాడు మెల్లగా, "దీనికి రోగమేం లేదు."

ఫెర్మో అప్పుడు తలెత్తాడు. దెల్ఫీనా గోడవారన కూర్చుని ఎడమ చేతి పటకా విప్పుకోవాలని చూస్తోంది. వేళ్ళు బకిల్ మీదకి వెళుతున్నాయి గానీ దాన్ని పట్టుకోవడం లేదు. చివరికి పళ్ళతో లాగింది. ఎవరైనా చూశారా అని తలెత్తి, అతని కళ్ళు చూసి మొహం తిప్పుకుంది.

బ్రేషా ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ ఫోటోలు వెలుగులో పెట్టి చూపించింది. మెడలో ఎముక పెరిగి వెన్ను నరాన్ని నొక్కేస్తోంది.

"ఆపరేషన్ చేస్తే ఇక ముదరదు, కాళ్ళకీ కుడి చేతికీ పాకదు. కానీ పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. మొదట్లోనే వచ్చుంటే చెయ్యి చాలావరకు దక్కేది. ఇలా ఎప్పటి నుంచీ?"

తెలియదనే మాట ఫెర్మో నాలుక చివరిదాకా వచ్చింది. తెలుసు. పట్టు ఆనట్లేదని ఆమె చెప్పిన రోజు తెలుసు, తొడిగిన ప్రతి ఉంగరమూ తెలుసు.

"నేను కొయ్య చెక్కినప్పటి నుంచి" అన్నాడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. దెల్ఫీనా నేల చూస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో మెల్లా నది పక్కన వస్తుంటే అతనికి ఇంకో సంగతి తట్టింది. మొన లేవకూడదని తను పోసిన ఇత్తడీ సీసమూ అన్నీ మోసింది ఆ చెయ్యే. పడుకుని గంటల తరబడి తల ఎత్తి పట్టింది ఆ మెడే.

"ఒక్క మాట చెప్పకపోయావా?" అన్నాడు.

"చెప్పాను కదయ్యా. ప్రతిసారీ తెచ్చి నీ బల్ల మీద పెట్టాను."

ఆపరేషన్ అయింది. కాళ్ళూ కుడి చెయ్యీ నిలబడ్డాయి, ఎడమ చెయ్యి రాలేదు. ఫెర్మో తుపాకీకి ఉన్న ఉంగరాలన్నీ విప్పి, సీసం తీసి, పాత బరువుకి తెచ్చి గోడకి తగిలించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? దాన్నిప్పుడు కాల్చేవాళ్ళు లేరు.

చెక్కేవాడి చేతులు ఊరుకోవు కదా. దెల్ఫీనాకి మొదటి నుంచీ ఎడమ చేత్తోనే తినడం అలవాటు, ఇప్పుడు చెంచా జారిపోతోంది. ఫెర్మో మంచి అక్రోటు ముక్క ఏరి, ఆమె పిడికిలికి సరిపడేలా చెంచాకి లావుపాటి పిడి చెక్కాడు. నూనె పట్టించి, మధ్యాహ్నం భోజనానికి ఆమె పళ్ళెం పక్కన పెట్టి నిలబడ్డాడు.

ఆమె దాన్ని కుడి చేత్తో తిప్పి చూసింది.

"బాగుంది" అంది. "ఇప్పుడు చెంచా బాగు చేస్తున్నావన్నమాట."

ఫెర్మో కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చెంచా పక్కకి జరిపి, ఆ ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమెకి ఆ పట్టు తెలియలేదు, కళ్ళతో చూసి తెలుసుకుంది.

"ఎలా ఉంది నీకు?" అన్నాడు.

దెల్ఫీనా చెప్పడం మొదలుపెట్టింది. మొదటి శీతాకాలం నుంచి మొదలుపెట్టింది. పొలెంటా చల్లారి గట్టిపడింది, ఆమె ఇంకా మొదటి ఏడాది సంగతుల దగ్గరే ఉంది.